అమ్మమ్మ బాల్కనీ కింద పెళ్ళి

“వీధి మూయడం కుదరదండీ” అన్నాడు ఇంజినీరు హాతిమ్, తల ఎత్తకుండానే.

నగ్లాకు ఒళ్ళు మండింది. అలెగ్జాండ్రియా శీతాకాలపు వానలో తడిసి, పొద్దున్నుంచీ మునిసిపల్ ఆఫీసు బెంచీ మీద కూర్చుంటే దొరికిన మాట అది.

“మా చెల్లి పెళ్ళి. ఒక్క సాయంత్రం. మా పేటలో పెళ్ళిళ్ళు వీధిలోనే జరుగుతాయి. మీరు ఈ ఊరివారు కాదా?”

“ఈ ఊరివాణ్ణే. అందుకే చెబుతున్నాను. మీ వీధి చివర ప్రసూతి ఆసుపత్రి ఉంది. అటువైపు రోడ్డంతా డ్రైనేజీ కోసం తవ్వేశారు. లోపలికి వెళ్ళాలంటే ఇప్పుడు మీ వీధి ఒక్కటే దారి.”

“అయితే ఫంక్షన్ హాల్లో చేసుకోమంటారు.”

“చేసుకోవచ్చు కదా?”

నగ్లా జవాబు చెప్పకుండా లేచి వచ్చేసింది. చెబితే ఏడుపొచ్చేలా ఉంది. అమ్మానాన్నలు పోయాక అక్కచెల్లెళ్ళిద్దరినీ పెంచింది అమ్మమ్మే. ఆవిడ మంచం పట్టి ఏడాది దాటింది. మూడో అంతస్తు నుంచి దించితే గుండె తట్టుకోదని డాక్టరు చెప్పేశాడు. బాల్కనీలోకి మాత్రం కుర్చీతో సహా ఎత్తుకురావచ్చు. అమ్మమ్మ చూడని పెళ్ళి తనకు వద్దని చెల్లి హిబా భీష్మించుకుంది. అనుమతి లేకుండానే కానిచ్చేద్దామంటే షామియానా అతను ఒప్పుకోలేదు. క్రితంసారి పోలీసులు వచ్చి పెళ్ళి మధ్యలో గుంజలు పీకించేశారట.

మర్నాడు నగ్లా తాను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేసరికి హాతిమ్ వాళ్ళ వీధిలోనే ఉన్నాడు. చేతిలో టేపు. గోడకూ గోడకూ మధ్య కొలుస్తున్నాడు. నిన్న కుదరదన్న మనిషి ఇవాళ ఇంటిదాకా ఎందుకొచ్చాడో ఆమెకు ఒకటే తోచింది. ఇరుగుపొరుగు వింటుండగానే అనేసింది.

“టీ ఖర్చుల కోసమైతే ఆఫీసులోనే అడగాల్సింది, ఇంజినీరు గారూ. ఇంత దూరం రావడం దేనికి?”

అతని మొహం పాలిపోయింది. టేపు చుట్టి జేబులో పెట్టుకుని, వానలోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఉమైమా బ్రెడ్డు కొట్టు దగ్గర నగ్లాను ఆపింది. మీ చెల్లి పెళ్ళిరోజు వీధిలో కాస్త దారి వదిలితే సరిపోతుందా అని ఒక ఇంజినీరు వచ్చి పెద్ద డాక్టరమ్మను బతిమాలుకున్నాడనీ, డాక్టరమ్మ ఒప్పుకుందనీ చెప్పింది. నగ్లా చేతిలో వేడి రొట్టెలు అలాగే ఉండిపోయాయి.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే ఆఫీసుకు వెళ్ళింది.

“నిన్న నేనన్న మాట తప్పు. క్షమించండి” అంది, నిలబడే.

“కూర్చోండి” అన్నాడు హాతిమ్. అతని గొంతులో ఇంకా కాస్త బిగువుంది. “షామియానా ఒకవైపే వేయాలి. రెండోవైపు కారు పట్టేంత దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. వీధి మొదట్లో ఒకరు, చివర ఒకరు నిలబడాలి. డాన్సులూ, భోజనాలూ వాళ్ళకు ఉండవు.”

“సొంత మనుషుల పెళ్ళిలో అలా నిలబడేదెవరండీ?”

“ఒకవైపు నేనుంటాను.”

నగ్లా తలెత్తి చూసింది. అతను గబగబా కాగితాల్లోకి తల దించుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అనుమతి కాగితం మీద కావలసిన ట్రాఫిక్ పోలీసు అధికారి సంతకం పెళ్ళిరోజు మధ్యాహ్నం దాకా రాలేదు. షామియానా బండి వీధి మొదట్లోనే ఆగిపోయింది. పెళ్ళికూతురి ముస్తాబులో ఉన్న హిబా కిటికీలోంచి చూస్తూ గోళ్ళు కొరుక్కుంటోంది. నగ్లా ఫోన్ చేస్తే హాతిమ్ ఎత్తలేదు. ఇక హాలు వెతుక్కోవలసిందేనని మేనమామ అంటుండగా హాతిమ్ సంతకమైన కాగితంతో పరుగున వచ్చాడు. అధికారి ఊళ్ళో లేకపోతే, ఆయన వచ్చేదాకా స్టేషన్ గుమ్మంలోనే నిలబడ్డాడట.

సాయంత్రం డప్పులు మొదలయ్యాయి. పైన దుప్పటి కప్పుకుని కూర్చున్న అమ్మమ్మను చూసి హిబా చెయ్యి ఊపింది. పేటంతా ఈలలు వేసింది. అంతలో సముద్రం మీది నుంచి గాలి లేచింది. వాన దంచి కొట్టింది. తడవకుండా నిలబడాలని ఎవరికి వారు జరిగి జరిగి, ఖాళీగా ఉంచిన దారి కూడా నింపేశారు.

సరిగ్గా అప్పుడే వీధిలోకి ఒక టాక్సీ వచ్చింది. వెనక సీట్లో ఒకామె నొప్పులు పడుతోంది. పక్కనున్న భర్త కిటికీలోంచి సగం బయటికి వచ్చి అరుస్తున్నాడు. డప్పుల హోరులో ఎవరికీ వినబడటం లేదు.

హాతిమ్ జనంలోకి దూరాడు. కుర్చీలు లాగాడు. నగ్లా వేదిక ఎక్కి పాటగాడి చేతిలోంచి మైకు లాక్కుంది.

“డప్పులు ఆపండి. అందరూ గోడవైపు జరగండి. కానుపు కేసు.”

ఒక్కసారిగా వీధి నిశ్శబ్దమైంది. జనం గోడకు అతుక్కుపోయారు. టాక్సీ కదిలింది. గాలికి షామియానా గుంజ ఒకటి ఊడి దారి మీదకు ఒరిగింది. హాతిమ్ భుజం అడ్డం పెట్టి దాన్ని ఆపాడు. పక్కనుంచి టాక్సీ రాసుకుంటూ దాటిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

తర్వాత ఎవరూ డప్పు ముట్టుకోలేదు. హిబా కూడా కుర్చీలోంచి లేచి ఆసుపత్రి వైపే చూస్తూ నిలబడింది. చివరికి ఉమైమా గేటు దగ్గరికి వచ్చి ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ క్షేమమేననీ కేక వేసింది. ఆ తర్వాత లేచిన కేరింతలు సముద్రం దాకా వినబడి ఉంటాయి.

హాతిమ్ భుజం దగ్గర చొక్కా చిరిగి, రక్తం కారుతోంది. నగ్లా తన చున్నీ చివరతో తుడుస్తుంటే అతను మెల్లగా అన్నాడు.

“మీ వీధి కొలతలు ఆఫీసు మ్యాపులో ఉన్నాయండీ. ఆ రోజు కొలవడానికి నేను రావలసిన పనే లేదు.”

నగ్లా చెయ్యి ఆగిపోయింది. “మరెందుకొచ్చారు?”

“హాల్లో ఎందుకు చేసుకోరో మీరు చెప్పకుండా వెళ్ళిపోయారు. అది తెలుసుకోకుండా ఉండలేకపోయాను.”

పైనుంచి అమ్మమ్మ గొంతు వినబడింది. “ఒసేయ్ నగ్లా, ఎవరే ఆ అబ్బాయి?”

“మునిసిపాలిటీ ఇంజినీరు, అమ్మమ్మా.”

“ఉద్యోగం అడిగానా? బాబూ, నీకు పెళ్ళయిందా?”

వీధి వీధంతా నవ్వింది. హాతిమ్ తల పైకెత్తాడు. వాన మొహం మీద పడుతోంది.

“లేదు, అమ్మమ్మా. అడగాల్సినవాళ్ళను అడిగే ధైర్యం ఇంకా రాలేదు.”

“గుంజ మోసే ధైర్యముంది, నోరు విప్పే ధైర్యం లేదా?”

హాతిమ్ నగ్లా వైపు తిరిగాడు. ఏదో అనబోయి తడబడ్డాడు. ఆమె అతని భుజానికి చున్నీ ముడి వేస్తూ, ఇంకెవరికీ వినబడనంత నెమ్మదిగా అంది.

“శుక్రవారం మీ అమ్మను తీసుకుని రా.”

అతన్ని ఆమె ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి.