శనివారం పొగమంచు

ఏన్కూరులో సముద్రం లేదు. అందుకే అక్కడ క్రాంతికుమార్ ఓడ ఆఫీసరు.

నిజానికి అతను ఒక పరిశోధన ఓడ మీద ఏడాది కాంట్రాక్టు టెక్నీషియన్. పైడెక్కు మీద గాలి, వేడి, తేమ కొలిచే పరికరాలను తుడవడం, వైర్లు ఊడకుండా చూడటం, వచ్చిన లెక్కలను ఒడ్డుకు పంపడం అతని పని. తల్లి సంపూర్ణమ్మ మాత్రం చర్చిలో లేచి నిలబడి, "మా పిలగాడు చెప్పందే ఓడ కదలదు" అని సాక్ష్యం చెప్పేది. సాక్ష్యానికి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు కనుక ఆ మాట ఊళ్ళో స్థిరపడిపోయింది.

ప్రశ్నలు వేసే మనిషి ఒడ్డున వేరే ఉన్నారు. ఓడలు పంపిన లెక్కల్లో తప్పుడువి ఏరి పక్కన పెట్టే క్యూసీ డెస్క్ అది. బియ్యంలో రాళ్ళు ఏరే పనే, కాకపోతే ఇంగ్లీషులో. ఈమెయిల్ కింద పేరుండదు, 'క్యూసీ' అని ఉంటుంది, అంతే. క్రాంతి కూడా తక్కువ తినలేదు. అతని సంతకం 'టెక్నికల్ టీం'. ఆ టీంలో ఉన్నది అతనొక్కడే.

మొదటి ఈమెయిల్ ఇలా వచ్చింది. "వెనక గాలి వీచినప్పుడల్లా మీ థర్మామీటరు వేడెక్కుతోంది. అది సముద్రం వేడి కాదు, మీ పొగగొట్టం వేడి."

అది నిజం కావడంతో క్రాంతికి ఒళ్ళు మండింది.

రెండోది ఇంకా ఘోరం. "ప్రతి శనివారం సాయంత్రం తేమ నూటికి నూరు చూపిస్తోంది. కారణం చెప్పగలరా?"

కారణం క్రాంతికి తెలుసు. తెలిసినా చెప్పుకునేది కాదు. "స్థానికంగా పొగమంచు" అని రాసి పంపాడు. టీ చల్లారేలోపే జవాబు వచ్చింది. "పొగమంచు వారానికి ఒక్కసారి డ్యూటీకి వస్తుందా? దానిది కూడా కాంట్రాక్టు ఉద్యోగమేనా?"

ఆ చివరి మాట గుండెలో దిగింది. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని పైవాళ్ళు తేల్చేది క్యూసీ రిపోర్టు చూశాకే. ఇంత పుల్లగా రాసేది బట్టతల మనిషే అయ్యుంటాడని, ఆయనకి గ్యాస్ ట్రబుల్ కూడా ఉండి తీరాలని క్రాంతి నిశ్చయించుకున్నాడు.

సెలవు మీద ఇంటికొచ్చాడో లేదో, పాస్టరయ్య గారు సంబంధం తెచ్చారు. మణుగూరు కాలనీలో బెంజమిన్ గారని, బొగ్గు గనిలో చేసి రిటైరయ్యారని, ఒక్కతే కూతురు మహిమ ఇంట్లో కూర్చునే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుందని, చాలా నెమ్మదస్తురాలని చెప్పారు. పాస్టరయ్య గారు ఆ అమ్మాయితో ఎప్పుడూ వాదించి ఉండరు.

మణుగూరులో బస్సు దిగగానే వాన దంచికొట్టింది. ఉన్న ఒక్క గొడుగు కింద సంపూర్ణమ్మ, ఆమె బైబిలు, యాపిల్ పండ్ల సంచి పట్టాయి. ఓడ ఆఫీసరు పట్టలేదు. పెళ్ళిచూపులకని ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయి, అతను బెంజమిన్ గారి గుమ్మంలో నీళ్ళోడుతూ నిలబడ్డాడు.

"వందనాలు బాబూ. సముద్రాన్ని గూడ ఎంట తెచ్చినట్టున్నవ్" అన్నారు బెంజమిన్ గారు.

తన గళ్ళచొక్కా ఒకటి తీసిచ్చారు. అందులో ఇంకో క్రాంతికి కిరాయికి చోటివ్వొచ్చు. తడి చొక్కా ఆరేసుకోమని పెరట్లోకి దారి చూపించారు. అప్పటికి వాన వెలిసి, కాలనీ వెనక అడవి మీద ఎండ చురుక్కుమంటోంది. క్రాంతి చొక్కా పిండి, దులిపి, ఆరేసి వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

మహిమ టీ తెచ్చింది. చామనఛాయ, పొడవాటి జడ, నవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోని పెదాలు. క్రాంతి టీకి బదులు బిస్కెట్ల ప్లేటు పట్టుకుని గుటక వేయబోయాడు. అబ్బాయి పడిపోయాడని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"మా వాడు నడిసముద్రంల ఉన్నా ఆదివారం ఆరాధనకు తెల్లచొక్కా తప్పడు బిడ్డా" అంది సంపూర్ణమ్మ. "నాతోని మాటిచ్చిండు. శనివారం నాడు తనే ఉతుక్కుంటడు. ఇంకో ఆఫీసరైతే ఉతుకుతడా?"

"శనివారమా?" అంది మహిమ. అని అతని వైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. క్రాంతి ఆ చూపును ప్రేమ ఖాతాలో వేసుకున్నాడు.

పిల్లలు మాట్లాడుకోవాలని పెద్దలు వాళ్ళిద్దరినీ పెరటి అరుగు మీదికి పంపారు. చూరు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ఓడ మీద పని కష్టమా?" అడిగింది.

"పని కాదండి, మనుషులు. ఒడ్డున ఒక బట్టతలాయన ఉన్నడు. మేం ప్రాణాలకు తెగించి లెక్కలు పంపుతుంటె, ఏసీల కూసొని వంకలు పెడతడు."

మహిమ జడ ముందుకేసుకుని, దాని చివర వేలికి చుట్టుకుంది. "ఏమని పెడతడు?"

"ఒకసారి పొగమంచు పడ్డదని రాసిన. దానికి ఏమన్నడో తెలుసా? పొగమంచు వారానికి ఒక్కసారి..."

"...డ్యూటీకి వస్తుందా? దానిది కూడా కాంట్రాక్టు ఉద్యోగమేనా?" అని మహిమ పూర్తి చేసింది.

క్రాంతి ఏడాదిగా ఊహించుకున్న బట్టతల మీద ఒక్కసారిగా పొడవాటి జడ మొలిచింది.

"మాకు ఏసీ లేదండి, ఫ్యానే" అంది. "కరెంటు పోతె అది గూడ ఉండదు. ఇగ అటు చూడండి."

పెరటి మధ్యలో ఇనప గొట్టం మీద తెల్ల పళ్ళాలు బోర్లించి పేర్చినట్టు ఒక పరికరం ఉంది. ఓడల లెక్కల్లో తప్పులు పట్టే మనిషి ఇంటి తేమ, వేడి కూడా కొలవకుండా ఉంటుందా? అదే పరికరం ఓడ పైడెక్కు మీదా ఉంది. లోకానికి అది వాతావరణం కొలిచేది, క్రాంతికి మాత్రం ఏడాదిగా హ్యాంగరు. దాని మీద ఇప్పుడు అతని తెల్లచొక్కా నీళ్ళు కారుస్తోంది. పక్కనే బట్టల తాడు ఖాళీగా ఊగుతోంది.

"గాలికి ఎగిరి పడ్డట్టుందండి" అన్నాడు.

"మెడ గుండీ పెట్టుకొని ఎగిరిందా?"

గుండీ నిజంగానే పెట్టి ఉంది. ఓడ మీద గాలికి కొట్టుకుపోకుండా గొట్టం చుట్టూ గుండీ పెట్టడం అలవాటు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి, యజమానిని అడగలేదు.

మహిమ నవ్వలేదు. "మీ ట్రిప్పు మీద రిపోర్టు రేపే పంపాలె. ఒక్కటే అడుగుత. ఓడ మీద గూడ గిట్లనేనా? ఆఫీసుల అబద్ధాలు ఏరుడు నా పని, ఏరుత. ఇంట్ల గూడ కూసొని ఏరలేను."

లోపల సంపూర్ణమ్మ గొంతు వినబడుతోంది. తుఫానులు సైతం తన కొడుకును అడిగి వస్తాయని బెంజమిన్ గారికి వివరిస్తోంది.

క్రాంతి లోలోపల లెక్క వేసుకున్నాడు. అవునంటే కొలిచే పరికరం మీద చొక్కాలు ఆరేసినవాడికి కాంట్రాక్టు ఎవరూ పొడిగించరు. ఉద్యోగం పోతే సంబంధమూ పోతుంది, ఏన్కూరులో తల్లి తలెత్తుకోలేదు. కాదంటే అంతా పదిలం. చొక్కా చూసింది ఈమె ఒక్కతే. కానీ ఆ ఒక్కతే తనను చులకనగా చూస్తుందంటే భరించలేననిపించింది. బిస్కెట్ల ప్లేటు పట్టుకున్నప్పటి నుంచే ఆమె కావాలని ఉంది, అబద్ధం మీద మాత్రం వద్దు.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఒక్కసారి ఇటు రా" అని పిలిచాడు. బెంజమిన్ గారు కూడా వచ్చారు.

"నేను ఆఫీసర్ని గాను" అన్నాడు. "మిషన్లు తుడిచేటోణ్ణి. ఉతికిన చొక్కా జల్దీ ఆరుతదని శనివారం శనివారం తేమ కొలిచే మిషన్ మీద ఆరేసిన. అడిగితె పొగమంచని రాసిన. అడిగింది ఈమెనే. నౌకరి ఉంటదో పోతదో తెల్వదు. మా సంబంధం ఒప్పుకోకున్నా మంచిదే."

గళ్ళచొక్కా చేతులు వేళ్ళు దాటి వేలాడుతుండటంతో ఆ త్యాగం రావలసినంత గంభీరంగా రాలేదు.

సంపూర్ణమ్మ కొడుకును చూసింది, చొక్కాను చూసింది. "నేను తొడుగుమన్న చొక్కానే కొంప ముంచిందా?" అని అరుగు మీద కూలబడింది. "వారం వారం సాక్ష్యం చెప్పిన గదరా."

"ముంచలేదు అత్తమ్మా" అంది మహిమ.

ఆ పిలుపుకు అందరూ ఆమె వైపు తిరిగారు. మహిమ ఎవరినీ చూడకుండా గబగబా చెప్పుకుపోయింది.

"కారణం తెల్వకపోతె మిషనే చెడ్డదేమో అని ట్రిప్పు తేమ లెక్కలన్నీ పక్కన పడేస్తం. తెలిస్తె శనివారం సాయంత్రాలే తీసేస్తం. మిగిలినయన్నీ పనికొస్తయి. ఓడల మీద అందరూ తప్పులు చేస్తరు, ఒప్పుకునేటోళ్ళే దొరకరు. రిపోర్టుల గదే రాస్త."

"మరి చొక్కా సంగతి?" అడిగాడు క్రాంతి.

"చొక్కా అనే రాస్త. తిట్లు తప్పవు, తినండి."

అతను వేలాడుతున్న చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "మరి నన్నేం చేస్తరు?"

మహిమ ఈసారి నవ్వేసింది. "శనివారం సాయంత్రాలు తీసేసిన. మిగిలిన వారమంతా పనికొస్తరు."

బెంజమిన్ గారు దగ్గి, "ఇగ ప్రార్థన చేసుకుందమా చెల్లెమ్మా" అన్నారు. చేశారు. సంపూర్ణమ్మ ఆమెన్ అందరికంటే గట్టిగా వినబడింది. వచ్చే ఆదివారం సాక్ష్యానికి అప్పుడే కొత్త సంగతి దొరికినట్టుంది.

తిట్లు ఓడ యజమానుల నుంచి ఈమెయిల్లో రెండు పేజీలు వచ్చాయి. మూడో పేజీలో కాంట్రాక్టు పొడిగింపు ఉంది. నిశ్చితార్థానికి ఉంగరంతో పాటు మహిమ అతని చేతిలో ఒక నైలాన్ తాడు, క్లిప్పుల ప్యాకెట్టు పెట్టింది. చుట్టాలు ఇదేం ఆచారమని చెవులు కొరుక్కున్నారు.

ఓడ ఎక్కాక మొదటి శనివారం క్యూసీ డెస్క్ నుంచి ఈమెయిల్ వచ్చింది. దాని కింద మొదటిసారి పేరుంది.

"సాయంత్రం తేమ మామూలుగానే ఉంది. లెక్కలు బాగున్నయి. చొక్కా ఆరిందా లేదా? రేపు తడిది తొడుక్కోకు, జలుబు చేస్తది. మహిమ."