లిస్బన్ నుంచి మాడ్రిడ్‌కి గంటా పది నిమిషాలు

"దూరం ఐదు వందల కిలోమీటర్లు. గాల్లో గంటా పది నిమిషాలు. అంతసేపూ డాక్టర్ ఎవరిస్తు ప్రాణం నీ పూచీ," అన్నాడు చీఫ్ ఫాల్కావ్. "భయంగా ఉందా?"

"లేదు సార్."

ఏజెంట్ తియొదోరా చెప్పింది పచ్చి అబద్ధం. ఆమెకి పెళ్ళయి పన్నెండు రోజులు. పొద్దున కాఫీ కప్పు అందిస్తూ మీసానికంటిన నురగతోనే ముద్దు పెట్టాడు జెఫెరీను. ఆమె చెంప తుడుచుకోలేదు. పన్నెండు రోజుల క్రితం వరకూ చావంటే లెక్కలేని మనిషికి ఇప్పుడు ప్రతిదీ భయమే.

తొమ్మిదీ ఇరవైకి విమానం లిస్బన్ నేల విడిచింది. కిటికీ పక్కన డాక్టర్. రహస్య సంకేతాల మేధావి, అప్పుడే గురక. మధ్యలో తియొదోరా. ఈ చివర ఆయన కూతురి వేషంలో తోటి ఏజెంట్ వయోలాంత్. పట్టు స్కార్ఫ్, ఎర్రటి పెదాలు. డాక్టర్ కాళ్ళ దగ్గర ఒక అట్టపెట్టె. లౌంజ్‌లో ఎవరో అభిమాని ఇచ్చాడంటూ వయోలాంత్ తెచ్చిన నాతాలు. గుడ్ల క్రీము నింపిన బుల్లి కేకులు, కమ్మగా.

"ఇంకా వేడిగానే ఉన్నాయి. ఒకటి తిందామా?" అంది తియొదోరా.

"వద్దులే. దిగాక నాన్నగారే తింటారు."

వేడి నాతా వద్దన్న లిస్బన్ మనిషిని తియొదోరా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పెట్టె ఎత్తింది. ఉండాల్సిన దానికంటే బరువు.

వయోలాంత్ ఆమె మణికట్టు పట్టుకుంది. "ముట్టుకోకు."

తియొదోరా పెన్ను వయోలాంత్ డొక్కకి ఆనింది. అందులో ఇంకు లేదు, మత్తుసూది ఉంది. "ఏముంది ఇందులో?"

వయోలాంత్ నవ్వింది. "కంగారుపడకు పెళ్ళికూతురా! పేలేది పదకొండుకి. పదిన్నరకే దిగిపోతాం. డాక్టర్ ల్యాబ్‌కెళ్ళే కారులో పోతాడు. నోరు మూసుకున్నావా, రాత్రికి మీ ఆయన పక్కనుంటావు."

"చేసిందెవరు?"

"మాడ్రిడ్‌లో మావాడు. మహా పనివాడు."

తియొదోరా నాతాల కింది కాగితం ఎత్తింది. చిన్న గడియారం. పదీ యాభై నాలుగు. తన చేతి గడియారం చూసుకుంది. తొమ్మిదీ యాభై నాలుగు.

"వయోలాంత్! మీవాడు వాళ్ళ ఊరి టైమ్ పెట్టాడే! మాడ్రిడ్ మనకంటే గంట ముందు! ఇంక ఆరు నిమిషాలే!"

వయోలాంత్ తొంగి చూసింది. మొహంలో లిప్‌స్టిక్ తప్ప ఇంకే రంగూ మిగల్లేదు. "పదకొండన్నాడు... ఎవరి పదకొండో నేనడగలేదు."

"ఆపు దీన్ని!"

వయోలాంత్ లిప్‌స్టిక్ అడుగు తిప్పింది. సన్నటి తాళంచెవి. వేళ్ళలోంచి జారి సీట్ల కిందికి దొర్లింది. తియొదోరా మోకాళ్ళ మీద పడి చీకట్లో తడిమింది. ఎవరిదో బూటు. చాక్లెట్ కాగితం. జెఫెరీను, జెఫెరీను...

"మేడమ్, లేచి బెల్టు పెట్టుకోండి," అంది ఎయిర్‌హోస్టెస్.

"ఒక్క నిమిషం!"

నిజంగానే ఒక్క నిమిషమే ఉంది. వేలికి చల్లగా ఇనుము తగిలింది. తాళంచెవిని గడియారం వెనక దూర్చి తిప్పింది. క్లిక్. ముల్లు పదకొండుకి రెండు సెకన్ల ఇవతల ఆగింది.

వయోలాంత్ వెక్కి వెక్కి ఏడుస్తూ తనంతట తనే చేతులు చాచింది. తియొదోరా ఆమె పట్టు స్కార్ఫ్‌తోనే వాటిని కట్టేసింది.

చక్రాలు మాడ్రిడ్ రన్‌వే తాకిన కుదుపుకి డాక్టర్ కళ్ళు నులుముకున్నాడు. "అప్పుడే వచ్చేశామా! ఇంత దగ్గరా?"

"మీకు దగ్గరే డాక్టరు గారూ," అంది తియొదోరా. "నేనైతే తిరుగు ప్రయాణం రైల్లో."