చెమట పట్టని సీసా

నదిలో నీళ్ళు పట్టి, సీల్ వేసి, ల్యాబ్‌లో అప్పగించిన ఇన్‌స్పెక్టరు ఇల్లు చేరలేదు. ఆయన మోటారు సైకిల్ బ్రేకు వైరుని ఎవరో శుభ్రంగా కోసేశారు.

"ఇది లాండ్రీ పని," అన్నాడు చీఫ్. ఆ విదేశీ కరెంటు కంపెనీ ఎక్కడ మురికి వదిలినా వెనకాలే వచ్చి సాక్ష్యాలు ఉతికేసే ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న పేరది. "కంపెనీ గొట్టంలోంచి మురికి నదిలోకి లీకైన రోజు పట్టిన నీళ్ళు అదొక్క సీసానే. తర్వాత నదిని కడిగేశారు వెధవలు. ఇవాళ టెస్ట్. విషం తేలితే గొట్టం మూయిస్తాం. తేలకపోతే దండం పెట్టి ఇంటికి పోవడమే."

"నా వేషం?" అడిగాడు నత్త. ఏ పనికీ తొందరపడడని ఆ ఏజెంటుకి ఆ పేరు.

"ఏసీ మెకానిక్. లోపల కంపెనీ తరఫు సాక్షిగా మేడమ్ ఉంటుంది. మన మనిషే."

మన మనిషట! లాండ్రీ దగ్గర జీతం, మన దగ్గర భత్యం తీసుకునే మనిషి ఎవరి మనిషో దేవుడికే తెలియాలి. అయినా నత్త బయల్దేరాడు. ఆ గొట్టానికి దిగువ వీధిలోనే వాళ్ళక్క ఉంటోంది. తల్లి పోయాక వాణ్ణి పెంచిన అక్క. ఆ నీళ్ళు తాగీ తాగీ కిడ్నీలు రెండూ పాడైపోయాయి. మారిపోదాం రమ్మంటే, "ఈ కంపులో ఇల్లెవడు కొంటాడ్రా?" అంటుంది.

ల్యాబ్‌లో ఏసీ ఆపేసి నిచ్చెనెక్కాడు. గది ఉక్కతో ఉడికిపోతోంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర తోలు బ్యాగుతో మేడమ్ వచ్చింది.

"వాన పడేలా ఉందండీ," అన్నాడు కోడ్ ప్రకారం.

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను." జవాబు సరిపోయింది. "సీసా భద్రం," అని గొణిగింది. అంతలో ఆవిడ కాలు తగిలి స్క్రూల డబ్బా బోర్లాపడింది. "అయ్యో, సారీ!"

నత్త దిగి, వంగి ఏరుకున్నాడు. లేచేసరికి కెమిస్టు ఐస్ ప్యాకుల పెట్టెలోంచి సీసా తీసి, సీల్ చింపి, మూత తిప్పుతోంది.

వాడి కళ్ళజోడులో కెమెరా ఉంది, చెప్పు మడమలో వైర్‌లెస్ ఉంది. ఏం లాభం? పనికొచ్చింది మామూలు చూపే. అంత చల్లటి పెట్టెలోంచి తీసిన గాజుసీసాకి ఈ ఉక్కలో చెమట పట్టాలి కదా! అది పొడిగా ఉంది. మేడమ్ బ్యాగు అడుగు మాత్రం తడిసి నల్లబడింది.

"ఆగమ్మా!"

ఒక్క గెంతులో బ్యాగు లాక్కుని అసలు సీసా బయటికి తీశాడు. మేడమ్ పెనుగులాడలేదు, నవ్వింది.

"దీంతో ఏదో మారిపోతుందనుకుంటున్నావా? పిచ్చివాడా!"

విషం తేలింది. నత్త మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, చీఫ్ కంపెనీ వాళ్ళతో కూర్చున్న పై అంతస్తుకి పరిగెత్తాడు. జన్మలో మొదటిసారి తొందరపడ్డాడు. అప్పటికే కంపెనీ డైరెక్టరు సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుంటున్నాడు.

"రాజీ అయిపోయింది," అన్నాడు చీఫ్, వాడి మొహం చూడకుండా. "జరిమానా కడతారు. కేసులన్నీ కొట్టేస్తారు."

"గొట్టం?"

"ఉంటుంది. శుద్ధి ప్లాంటు కట్టడం కంటే ఏటా జరిమానా కట్టడమే చవకట. బడ్జెట్‌లో ముందే రాసి పెట్టుకున్నారు."

"మరి ఇన్‌స్పెక్టర్ని ఎందుకు చంపారు సార్?"

"ఆ కాస్త కూడా మిగుల్చుకుందామని."

నత్త బాత్రూములోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు. అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"పనైందా నాన్నా?"

"అయిందక్కా. గెలిచాం."

"నా తండ్రే! గొట్టం మూసేస్తారన్నమాట. పక్కింటావిడకి చెప్పనా? పాపం, పసిపిల్లతో ఉంది."

"ఇప్పుడే చెప్పకక్కా," అన్నాడు ఎలాగో.

ఆ జరిమానాని కంపెనీ మరుసటి నెల నుంచి అందరి కరెంటు బిల్లుల్లోనూ కలిపింది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అది అక్క నెత్తినా పడింది. తన వంతు గడువులోపలే కట్టేసింది.