ముప్పై ఆరులో ఒక్కటి

ఫోటో తీయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని 1983 దాకా గట్టి నమ్మకం. వారమంతా షార్జా శివార్లలోని సజ్జాలో సిమెంటు ఇటుకలు మోసి, సెలవురోజు శుక్రవారం ఊళ్ళో రోలా మైదానంలో కెమెరా మెడలో వేసుకుని నిలబడేవాణ్ణి. మనవాళ్ళు వరసకట్టేవారు. నల్ల కళ్ళద్దాలు నావి, టేప్ రికార్డర్ నాది, వెనక తెల్ల కారు మాత్రం ఎవరిదో. ఆ కారు మా కరీంనగర్ జిల్లాలో నలభై మందికి సొంతం. పోచన్న, భీమయ్యల ఫోటోలు ఒకే ఊరికి వెళ్తే, ఇద్దరూ పొత్తులో కొన్నారని ఊరంతా చెప్పుకున్నారట.

తల తెగినా, కళ్ళు మూతపడినా, తీసిన ఫోటో ఒక్కటీ పారేసేవాణ్ణి కాదు.

అలాంటి నా దగ్గర చిట్టెమ్మ ఫోటో తీయించుకుంది. రాజోలు వైపు అమ్మాయి, పక్కనే దుబాయ్ అల్ కుసైస్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. మరుసటి శుక్రవారం ఆ ఫోటో తెచ్చి నా ముక్కు ముందు ఆడించింది.

"ఏంటండీ భోజన్నగారూ ఇది?"

"నీ ఫోటో."

"కారు ఫోటో అండి. నేను దానికి కాపలా ఉన్నట్టున్నాను."

"ఇయ్యాల్టిదాంక ఒక్కలు గిట్ల అనలే!"

"అందరికీ కారే కావాలి కదండీ. మొహాలెవరిక్కావాలి?"

అక్కడితో వదల్లేదు. నా దగ్గర మిగిలిన కాపీల కట్ట విప్పించి, నేను ఫోటోలు కడిగించే స్టూడియో మెట్ల మీద పరిచింది. "చూడగానే కన్ను మనిషి మీదకి పోతే ఉంచండి. లేకపోతే చింపేయండి, అంతే." నూట ఇరవైలో తొమ్మిది మిగిలాయి. చింపిన ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాను.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఇదే వరస. ఆమె చింపేది, నేను గొణిగేవాణ్ణి. మూడు నెలలు తిరిగేసరికి అతికించిన నవ్వేదో, అసలు నవ్వేదో నాకే తెలిసి, నేనే చింపడం మొదలుపెట్టాను. కస్టమర్లు సగం మంది జారుకున్నారు. కారు చిన్నదై మొహం పెద్దదైతే, మనిషి బక్కచిక్కిన సంగతి ఇంట్లో తెలిసిపోతుందని వాళ్ళ ఫిర్యాదు.

పోతే పోనీ అనుకున్నాను. చిట్టెమ్మ వస్తే చాలు. అది ప్రేమేనని నాకు తెలుసు, చెప్పడానికే నోరు రాలేదు.

ఏడాదికోసారి పడే వాన ఆ శుక్రవారమే పడింది. చిట్టెమ్మ తడుస్తూ వచ్చింది.

"మా అమ్మ సంబంధం చూసిందటండి. ఫోటో పంపమంది. మంచిది తీయండి."

"తీస్త," అన్నాను. రీలులోని ముప్పై ఆరూ ఆమెకే ఖర్చు పెట్టాను.

స్టూడియో యజమాని రహమతుల్లా ఫోటోలు కడిగి, ఒకటి చూసి "వాహ్ భాయ్!" అన్నాడు. తడి జుట్టు చెవి వెనక్కి తోసుకుంటూ, నన్ను తిట్టబోయి నవ్వేసిన ఫోటో అది. అది చూసినవాడు మర్నాడే ముహూర్తం పెట్టించుకుంటాడు. అందుకే దాన్ని జేబులో దాచి, కళ్ళు మూసుకున్నదాన్ని కట్ట మీద పెట్టాను.

వారానికి చిట్టెమ్మ వచ్చింది.

"గిదే మంచిగున్నది. గిది పంపు."

"కళ్ళు మూసుకున్నానండి!"

"సిగ్గుపడ్డట్టున్నది."

"తుమ్మబోతున్నట్టుంది." కట్ట లెక్కపెట్టింది. "ముప్పై అయిదేనండి. ఇంకోటేదీ?"

"కరాబైంది. చింపిన."

"జేబులోంచి కనపడుతోందండి."

ఇవ్వక తప్పలేదు. ఆమె చాలాసేపు చూసింది. వంక పెట్టడానికి వెతుకుతోందనుకున్నాను.

"ఇంత బాగా తీసి, ఎందుకు దాచారండి?"

నా అబద్ధాలన్నీ ఖలాస్. "మంచిది పంపితె ఆయన నిన్ను చేసుకుంటడు. గందుకే దాచిన. నువ్వంటె నాకు పానం చిట్టెమ్మా."

ఆమె కళ్ళెత్తి చూసింది. ఆ చూపును ఏ రీలూ పట్టలేదు.

కళ్ళు మూసుకున్న ఫోటో తీసి సంచిలో పెట్టుకుంది. "ఇది మా అమ్మకి పంపుతానండి. ఆ సంబంధం వాళ్ళకి ఇది చాలు."

"మరి మంచిది?"

మంచి ఫోటోను, ఒక ఖాళీ కవరును నా చేతిలో పెట్టి తల దించుకుంది.

"మీ అమ్మగారికి పంపండి. ఆయ్, అడ్రసు మీరే రాయాలి."

మా ఊరి పేరు సరిగ్గా రాయడానికి నాకు మూడు కవర్లు పట్టాయి.