ఒకే కుట్టు దిండ్లు

పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను పొమ్మనే అధికారం ఎవరికీ లేదని ఒక నమ్మకం. సోఫా దిండ్లు కుట్టి ఇల్లు నడిపిన ఒక తల్లి దాన్ని ఎన్నడూ పరీక్షించి చూడలేదు, అవసరం రాలేదు.

ఏళ్ల తరువాత ఇంటికి వచ్చిన కూతురు ఒక రాత్రి ఉండి, మర్నాడు సాయంత్రమే కొత్త ఉద్యోగానికి మరో దేశం వెళ్లవలసి ఉంది. పొద్దున్నే తల్లి ఇంకో వారం ఉండమంది. టికెట్టు మార్చుకోవచ్చు కదా అని తండ్రీ వంత పాడాడు. కూతురు మాట మార్చి స్నానానికి వెళ్లింది.

తిరిగి వచ్చి చూసుకుంటే సంచిలో పాస్‌పోర్టు లేదు. పరుపు ఎత్తింది, సొరుగులు లాగింది. తల్లి కుట్టుమిషను ముందు తల ఎత్తకుండా కూర్చుంది. ఆ వాలకం కూతురికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

“ఎక్కడ దాచావమ్మా?”

“పోతే పోనీవే ఆ విమానం. ఇంకోటి రాదా? సొంత ఇంట్లో నాలుగు రోజులు ఎక్కువుంటే ఎవడొచ్చి గెంటుతాడు?”

“గెంటుతారమ్మా.”

కూతురు నేలమీద చతికిలబడింది. పెళ్లయ్యాక భర్త దేశపు పౌరసత్వం తీసుకున్నానని, దాంతో ఇక్కడిది పోయిందని చెప్పింది. మామూలు వీసాకు వారాలు పడుతుంది, అంత వ్యవధి లేకపోయింది. మూడో దేశానికి పోతూ మధ్యలో దిగినవాళ్లను మాత్రం వీసా లేకుండా కాసేపు ఊళ్లోకి వదులుతారు. ఆ గడువు దాటితే మళ్లీ కొన్నేళ్లు అడుగు పెట్టనివ్వరు.

మిషను చక్రం మీది తల్లి చెయ్యి అలాగే ఉండిపోయింది.

“అంటే నువ్వు మా ఇంటికి చుట్టానివా?”

“చుట్టానికి వీసా ఉంటుంది. నేను దారిన పోయేదాన్ని.”

“నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే ఇలాగే చూస్తావని.”

తల్లి లేవబోయి, మళ్లీ కూలబడింది. పాస్‌పోర్టును దిండు మధ్యలో పెట్టి కుట్టేశానని మెల్లగా చెప్పింది. ఆ దిండు ఒక హోటలు వాళ్లది. వాళ్ల దిండ్లన్నీ అప్పటికే వ్యానెక్కాయి. తండ్రి తాళ్లు బిగిస్తున్నాడు.

ముగ్గురూ వీధిలో నిలబడ్డారు. అన్నీ ఒకే రంగు, ఒకే కొలత. దూది దట్టంగా కూరిన దిండ్లు. నొక్కితే ఏమీ తెలియదు. తన దిండ్లలో తేడా చూపినవాళ్లకు కుట్టుకూలి వాపసు ఇస్తానని ఆమె ఇన్నాళ్లూ పందెం కాసేది. ఎవరూ గెలవలేదు.

“ఎవరూ పోల్చలేరన్నావుగా, ఇప్పుడు నువ్వు పోల్చు,” అన్నాడు తండ్రి.

ఆమె మొదటి దిండును ఒడిలోకి లాక్కుని కుట్టు విప్పసాగింది. తొందరలో గుడ్డ చిరిగింది. కూతురు లోపలికి వెళ్లి ఇంకో కత్తెర తెచ్చుకుని పక్కన కూర్చుంది.

“ముడి దగ్గర మొదలుపెట్టు. మరిచిపోయావా?”

“లేదమ్మా.”

దూది వీధంతా ఎగిరింది. చివరి వరుసలోని దిండులో పాస్‌పోర్టు దొరికింది. దాని అట్ట రంగు వేరని తల్లి అప్పుడు చూసింది. ఇందాక హడావిడిలో చూడలేదు. చీర కొంగుతో దూది తుడిచి, కూతురి చేతిలో పెట్టింది.

“పద, ఆలస్యమవుతుంది,” అంది.

పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను పొమ్మన్నది ఆమే.

విమానం వేళకే వెళ్లింది. అందులో కూతురు ఉంది. హోటలు వాళ్లు దిండ్లు వేరేచోట కుట్టించుకున్నారు. మరుసటి ఏడు కూతురు సందర్శకుల వీసాకు దరఖాస్తు పెట్టుకుంది. ‘ఆహ్వానించినవారు’ అని ఉన్నచోట తల్లి సంతకం చేసింది. వీసా వచ్చింది.