తెరవని ఏడో పుస్తకం

పొద్దు మూరెడు ఎక్కేసరికి నరసప్ప ఇంటి ముందరి అరుగు, అదే జగిలి మీద చెనక్కాయలు ఒలిచే ఆడవాళ్ళు ఆరుగురూ చేరిపోయారు. విత్తనం కాయను మిషనుకు వేస్తే పప్పు బద్దలవుతుంది, బద్దలైన పప్పు మొలవదు. అందుకే మంగళవాడలో ఎవరింట్లోనైనా విత్తనం చేత్తోనే ఒలవాలి, బొటనవేలు వాచినా సరే. అయితే ఒలిచేవాళ్ళ చెయ్యి గంపకూ చాటకూ మధ్య ఎంత తిరుగుతుందో, చాటకూ నోటికీ మధ్య కూడా అంతే తిరుగుతుంది. అందరికీ తెలిసిన సంగతే గాని ఎవరూ పైకి అనరు.

నరసప్ప తల్లి తిప్పమ్మ దీనికొక మందు కనిపెట్టింది. మనవరాలు నాగవేణిని మధ్యలో కూర్చోబెట్టి పుస్తకం చదివించడమే ఆ మందు. కథ వింటున్నంతసేపూ ఆరు నోళ్ళూ తెరుచుకునే ఉంటాయి గాని వాటిలోకి ఒక్క పప్పూ పోదు.

నాగవేణికి పన్నెండేళ్ళు. ఊరు కర్ణాటకలో ఉంది గనక బడిలో చదివేది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగు చదవడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. హిందూపురం పోయి వచ్చే బస్సు కండక్టరు చిక్కన్న రెండేళ్ళ కిందట, తన పిల్లలు చదివేశారని, ఒక చిన్న పుస్తకం ఇచ్చాడు. దాని పేరు 'ఎండమావుల కోట'. కన్నడ అక్షరాలకు చుట్టాల్లా కనబడినవాటిని పోల్చుకుంటూ, తెలియనివాటిని బస్సు ఆగినప్పుడల్లా చిక్కన్నను అడుగుతూ, నెల రోజుల్లో దాన్ని చదివేసింది. ఆ తర్వాత రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఇప్పటికి ఆరు. ఆఖరుదైన ఏడో పుస్తకం ఇంకా రావాలి. వచ్చేదాకా పాత ఆరే మళ్ళీ మళ్ళీ చదువుతోంది.

"కుంటిగొర్రె ఏమన్నదో ఆడ చదువు పాపా," అంది పక్కింటి కరియమ్మ.

కరియమ్మకు ఆ కథలో కుంటిగొర్రె అంటే ప్రాణం. అది అబద్ధమాడదు, మాట్లాడినప్పుడల్లా విసుక్కుంటుంది. అచ్చం తన అత్తలాగే ఉందని ఆమె అంటూ ఉంటుంది.

కథలో చుక్కి అనే పిల్ల ఉంది. వాళ్ళ ఊరి నీళ్ళన్నీ ఒక మాంత్రికుడు ఎత్తుకుపోయి ఎండమావుల వెనక కోటలో దాచాడు. పెద్దవాళ్ళు అటు చూస్తే నీళ్ళు కనబడతాయి, పిల్లలకు మాత్రమే కోట తలుపు కనబడుతుంది. నీళ్ళు తెస్తానని పోయిన చుక్కి నాయన ఆ ఎండమావుల్లోనే తప్పిపోయాడు. చుక్కీ, కుంటిగొర్రే ఆయన్ని వెతుకుతూ ఆరు పుస్తకాలు తిరిగారు. ఆరో పుస్తకం చివర చుక్కి తన దగ్గరున్న ఆఖరి బిందె నీళ్ళు ఎండిన బావిలో పోసింది. 'పోసిన నీళ్ళు లోపలి నీళ్ళకు తోవ చెబుతాయి' అన్నది గొర్రె. నీళ్ళు పడిన చప్పుడు వినడానికి చుక్కి బావిలోకి వంగింది. అక్కడితో పుస్తకం అయిపోయింది.

"ఆ రాసినాయప్ప దొరికితే గుంజకు కట్టేస్తా. ఆడికి ఆపేసేదా ఎవురైనా?" అని కరియమ్మ ఇప్పటికి పదోసారి అంది.

అందరూ నవ్వుతుండగా నరసప్ప లోపలినుంచి వచ్చి గడప మీద నిలబడ్డాడు. ఎండకు కళ్ళు చికిలించి ఆకాశం వైపు చూశాడు. వరసగా మూడో ఏడు అది, వాన ముఖం చాటేసి.

"ఆరుద్ర వచ్చేసిందిమా," అన్నాడు తల్లితో. "ఈ కార్తెలో గూడా పడకపోతే నేను బెంగుళూరికి పోతా. ఆడుండే మనూరి హనుమప్ప వాళ్ళు మేస్త్రీ దగ్గర పనుండాదని చెప్పినారు."

నాగవేణి చదవడం ఆపేసింది. "ఎన్నాళ్ళు నాయనా?"

"వాన పడేదాకా."

ఆ మాట అందరూ మామూలుగానే విన్నారు. ఊళ్ళో ఇంటికొకడు అలాగే పోతున్నాడు. కొందరు ఆరు నెలలకు వచ్చారు, కొందరు ఇంకా రాలేదు. నాగవేణి మాత్రం ఆ పొద్దు మళ్ళీ పుస్తకం తెరవలేదు. తలనొప్పి అంది.

ఎనిమిది రోజులు గడిచాయి. మబ్బు పట్టడం, గాలి లేవడం, మబ్బు ఆంధ్రా వైపు పోవడం రోజూ ఉన్నదే. ఒక మధ్యాహ్నం నాగవేణి తల్లి యశోదమ్మ గొడ్లకు మేత వేసి వచ్చి చూస్తే, వంటింట్లో రెండు బిందెలూ కనబడలేదు. నారప్ప తోట బావినుంచి, మైలు దూరం, తెల్లవారకముందే తల మీద మోసుకొచ్చిన నీళ్ళు అవి.

"అత్తా, బిందెలు నువ్వు తీసినావా?"

"నాకేంటికే బిందెలు?" అంది తిప్పమ్మ.

అంతలో నాగవేణి వాకిట్లోకి వచ్చింది. పావడా ముందు భాగమంతా తడి. చంకలో ఒక ఖాళీ బిందె, చేతిలో ఒక ఖాళీ బిందె.

"నీళ్ళేవి?"

పిల్ల తల వంచుకుంది. "చేన్లో బోర్లో పోసినాను."

యశోదమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. చేన్లో బోర్లు మూడున్నాయి, మూడూ ఎండినవే. అందులో అన్నిటికన్నా లోతుది కిందటేడు వేసింది. దాని పైపు మూతికి ఒక బండ కప్పి పెట్టారు. రెండుసార్లు నడిచి, ఆ బండ జరిపి, రెండు బిందెలూ ఈ పిల్ల అందులో కుమ్మరించి వచ్చిందని తెలిసేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నా మెడలు ఇరిగేటట్టు మోసుకొచ్చినానే. గొడ్లకు నీళ్ళు లేవు, సంగటికి నీళ్ళు లేవు. బోర్లో పోసినావా? నీకేమన్నా పట్టిందా?"

ఆ కేకకు నరసప్ప కొట్టంలోంచి వచ్చాడు. సంగతి విని కూతురి ముఖం చూశాడు. "ఎవురు చెప్పినారు అట్ల పొయ్యమని?"

జగిలి మీద ఒలుస్తున్న కరియమ్మ నోరు జారింది. "కుంటిగొర్రె చెప్పింది గదప్పా, ఆరో పుస్తకంలో."

నరసప్ప గబగబా లోపలికి పోయాడు. గూట్లో వరసగా పేర్చిన ఆరు పుస్తకాలూ తీసి తువ్వాల్లో మూట కట్టాడు. "రేపు పావగడకు పోతా. ఉడకేసిన చెనక్కాయలమ్మే ఆయప్పకు పొట్లాలకిస్తా. ఈడుండేదానికన్నా ఆడ పనికొస్తాయి. పన్నెండేండ్లొచ్చినాయి, కథేదో నిజమేదో తెలీదా దీనికి?"

నాగవేణి ఆ మూటనే చూస్తూ నిలబడింది. ఏడవలేదు, అడ్డం పోలేదు. పెదవి మాత్రం పళ్ళతో నొక్కిపట్టింది. ఒలిచేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

తిప్పమ్మ చాట పక్కన పెట్టింది. "నరసా, ఆ బోరు వేసేటప్పుడు ఒకాయప్పను పిలిపిచ్చినావు, యాదుండాదా? అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగినాడు. టెంకాయ లేచి నిలబడింది, ఈడే గంగమ్మ ఉండాదన్నాడు. నువ్వు నమ్మినావు. ఒకతూరి గాదు, మూడుతూర్లు నమ్మినావు. నీ కూతురు పోసింది రెండు బిందెలు. ఎవురి పిచ్చి పెద్దదప్పా?"

"అది వేరేమా."

"ఏంది వేరే?"

నరసప్ప కూతురివైపు తిరిగాడు. "సరే, నువ్వే చెప్పు. నీళ్ళొస్తాయని నిజంగా అనుకున్నావా?"

"తెలీదు నాయనా. వస్తే నువ్వు బెంగుళూరికి పోవు గదా." "చుక్కి వాళ్ళ నాయన గూడా నీళ్ళకు పోతా పోతా వాన పడేదాకా అనే చెప్పినాడు, మొదుటి పుస్తకంలో. ఆరు పుస్తకాలైనా రాలే."

నరసప్ప మూట పట్టుకునే అరుగు మీద కూలబడ్డాడు.

"చప్పుడు ఇనబడిందా?" అని అడిగాడు.

"లేదు. చానాసేపు చెవి పెట్టి ఇన్నా. ఏమీ ఇనబడలే."

కిందటేడు బోరు లారీ వెళ్ళిపోయాక, ఎవరూ లేనప్పుడు, నరసప్ప ఆ పైపులో ఒక గులకరాయి వేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ఆనించి, పొద్దు గుంకేదాకా విన్నాడు. ఆ సంగతి పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఈ పిల్ల అదే చోట, అదే పైపుకు చెవి పెట్టి కూర్చున్నదని తలచుకునేసరికి అతనికి దుఃఖం ఆగలేదు. కూతుర్ని దగ్గరికి లాక్కొని తల నిమిరాడు. కళ్ళనీళ్ళు దాచుకోవాలని కూడా అనిపించలేదు.

యశోదమ్మ ముక్కు చీదుకుంది. "నన్నడిగుంటే ఇంగో బిందె మోసుకొచ్చి ఇచ్చేదాన్ని గదే," అంది.

ఆ సాయంత్రం తువ్వాల మూట విప్పి, మొదటి పుస్తకం మొదటి పేజీనుంచి చదవమన్నాడు నరసప్ప. ఇన్నాళ్ళూ జగిలి మీద చదువు నడుస్తుంటే అతను కొట్టంలోనో చేన్లోనో ఉండేవాడు. విన్నది అక్కడో ముక్క, ఇక్కడో ముక్క. పూర్తిగా విన్నాక అడిగాడు. "దీన్ని ఇన్నితూర్లు చదువుతారు గదా, ఇసుగు పుట్టదా?"

నాగవేణి ఆలోచించింది. "దాంట్లో చిన్నపిల్ల చెప్తే గూడా పెద్దోళ్ళు ఇంటారు నాయనా. ఇంగోటి, ఎంత చదివినా రేపటికి ఏదో ఒకటి మిగిలుంటాది. మనింట్లో రేపటి గురించి ఎవురూ మాట్లాడరు."

నరసప్ప పుస్తకాలు తనే తీసుకుపోయి గూట్లో వరసగా పెట్టాడు.

ఆరుద్ర కార్తె ఎండలోనే వెళ్ళిపోయింది. నరసప్ప ప్రయాణం తప్పలేదు. రోడ్డు దగ్గర చిక్కన్న బస్సు ఆగింది. అతను దిగుతూనే సంచిలోంచి ఒక పుస్తకం తీసి ఊపాడు. "ఇందా పాపా, ఆఖరుది. మా పిల్లోళ్ళు రాత్రే చదివేసినారు. చుక్కి వాళ్ళ నాయన..."

"చెప్పొద్దు మామా," అని నాగవేణి రెండు చెవులూ మూసుకుంది.

చిక్కన్న నవ్వి పుస్తకం ఇచ్చాడు. అట్ట మీద కోట తలుపు సగం తెరిచి ఉంది. నాగవేణి దాన్ని గుండెకు ఆనించుకుని, లంగా దోపులోంచి మొదటి పుస్తకం తీసి తండ్రికి ఇచ్చింది.

"ఇది నువ్వు తీస్కపో. నీకు కన్నడం వస్తాది గదా, ఇదీ వస్తాది. దినానికొక పేజీ చదువు."

"ఆ ఏడోది నేనొచ్చేలోపల నువ్వు పదితూర్లు చదివేస్తావులే," అన్నాడు నరసప్ప, నవ్వు తెచ్చుకుని.

"చదవను. నువ్వొచ్చినాక చదువుదాం."

నరసప్ప బస్సెక్కి కిటికీలోంచి ఆ పిల్లనే చూస్తూ పోయాడు. ఆ పుస్తకం కోసం ఎనిమిది నెలలు బస్సు బస్సుకూ ఎదురొచ్చిన పిల్ల అది. మాట నిలబెట్టుకుంటుందని అతను నమ్మలేదు.

నిలబెట్టుకుంది. ఇరవై అయిదు రోజులు ఏడో పుస్తకం గూట్లోనే ఉంది. నాగవేణి రోజూ దాని దుమ్ము తుడిచేది, అట్ట చూసేది, పెట్టేసేది. కరియమ్మ బతిమాలింది, అలిగింది, గొర్రె బతికుందో లేదో ఒక్కటి చూసి చెప్పమంది. తిప్పమ్మ కూడా ఒకరోజు ఎవరూ లేకుండా చూసి, "నాకొక్కదానికే, ఒక్క పేజీ," అని అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. పాత కథలు అందరికీ కంఠతా వచ్చేశాయేమో, జగిలి మీద చేతులు మళ్ళీ నోటిదాకా పోవడం మొదలైంది. తిప్పమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

పుష్యమి కార్తెలో వాన పడింది. ఒక రాత్రంతా నిదానంగా, గోడలు నానేదాకా పడింది. ఎర్రనేల తడిసి ముదురురంగు తేలింది. మూడో రోజు సాయంత్రం నరసప్ప దిగాడు. తెల్లారి విత్తనం వేయాలి, మిగిలిన కాయంతా చీకటి పడేలోగా ఒలవాలి. జగిలి మీద మనుషులు కిక్కిరిసి ఉన్నారు. అతని చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. చంకలో తువ్వాలు మూట, అందులో మొదటి పుస్తకం, దాని అంచులకు కూడా సిమెంటు దుమ్ము.

ఇంటివాళ్ళ మంచీచెడూ అడగకముందే అతను అడిగాడు. "చుక్కి వాళ్ళ నాయన దొరికినాడా?"

"తెలీదు నాయనా," అంది నాగవేణి. "ఇంగా తెరవలే."

నరసప్ప కాళ్ళు కడుక్కోలేదు. మగవాళ్ళు విత్తనం ఒలవడానికి కూర్చోవడం ఆ ఊళ్ళో లేదు. అతను కరియమ్మ పక్కన చోటు చేసుకుని కూర్చుని, ఒక గంప తన ముందుకు లాక్కున్నాడు.

"చదువు," అన్నాడు.

నాగవేణి గూట్లోంచి పుస్తకం తెచ్చి అట్ట తిప్పింది. అన్ని నోళ్ళూ తెరుచుకున్నాయి, చాటలోని పప్పు జోలికి ఎవరూ పోలేదు. కథ ఇంకా మొదలు కాకముందే నరసప్ప తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.