రీకాల్ స్లిప్

ముఖమైనా చూడని మనిషి మీద వసుమతికి పీకల దాకా కోపం. కోపమేనని తనకు తానే గట్టిగా చెప్పుకునేది కూడా.

1981 ఏప్రిల్. కాలిఫోర్నియాలో ఆమె చదివే యూనివర్సిటీ లైబ్రరీ మొత్తానికి ఇండోనేషియన్ నిఘంటువు ఒక్కటే. అది ఎవరి దగ్గరున్నా, ఇంకొకరు రీకాల్ స్లిప్ రాసిస్తే వారంలో తిరిగిచ్చేయాలి. ఆమె తెచ్చుకున్న మర్నాడే ఎవరో రీకాల్ చేస్తారు. రెండు నెలలుగా ఇదే భాగోతం.

శుక్రవారం ఆమె సెమినార్, "పింజామ్" అనే మాట పుట్టుక మీద. ఇండోనేషియన్‌లో అరువు ఇవ్వడానికైనా, పుచ్చుకోవడానికైనా మూలం ఆ ఒక్క మాటే. ఫిలిప్పీన్స్ వాళ్ళ "హిరామ్" దానికి చుట్టమని ఆమె వాదన. మూడో సాక్ష్యం తెస్తేనే ఒప్పుకుంటానన్నాడు ప్రొఫెసర్.

బుధవారం మధ్యాహ్నం కౌంటర్ దగ్గర ఆమె ఎదురుచూస్తుంటే, ఒక పొడుగాటి కుర్రాడు వానలో పరుగెత్తుకొచ్చాడు. మనిషి తడిసి ముద్దయ్యాడు. జాకెట్ లోంచి తీసిన నిఘంటువు మాత్రం పొడిగా ఉంది.

"మీరేనా!" అంది తెలుగులోనే. నిఘంటువులో ఆమె మరిచిపోయిన తెలుగు నోట్స్ కార్డుల కింద ఎవరో తెలుగులోనే జవాబులు రాస్తున్నారు మరి.

"నేనేనండీ. శ్యామ్‌సుందర్, సివిల్ ఇంజనీరింగ్. సమ్మర్‌లో ఇండోనేషియాలోని సురబాయా హార్బర్‌లో పని. నాలుగు మాటలు నేర్చుకుందామని..."

"నాలుగు మాటలకి అన్నిసార్లు రీకాల్ చేయాలా? ఎల్లుండి నా సెమినార్!"

"కార్డ్‌లో రాశారుగా. ముందు ఇది చూడండి," అంటూ నిఘంటువులోంచి ఆమె కార్డొకటి తీసిచ్చాడు.

"మూడో సాక్ష్యం ఎక్కడ?" అని ఆమె రాసుకున్న చోట, కింద అతని గుండ్రటి అక్షరాలు: "మా ల్యాబ్‌లో మడగాస్కర్ అబ్బాయి ఉన్నాడు. అరువు తీసుకోవడాన్ని వాళ్ళు 'ఇంద్రన' అంటారట."

వసుమతి గుండె గంతులేసింది. పింజామ్ ముందున్న 'ప' తీసేస్తే ఇంజామ్, అక్కడ హిరామ్, ఇక్కడ ఇంద్రన. మధ్యలో ఒక మహాసముద్రం ఉంది, అయినా అదే మాట! సంతోషంలో అతని తడి జాకెట్ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"నిజం చెప్పండి. ఆ నాలుగు మాటలూ ఎప్పుడో వచ్చేసుంటాయిగా?"

"ఫిబ్రవరిలోనే వచ్చేశాయండీ." అతని చెవులు ఎర్రబడ్డాయి. "తర్వాతంతా కార్డుల కోసమే. మీరు మరిచిపోవడం మానేస్తారేమోనని భయమేసేది."

శుక్రవారం "ఇంద్రన" దగ్గర ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, "ఐయామ్ కన్విన్స్‌డ్" అన్నాడు. వెనక వరసలోంచి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది శ్యామ్‌సుందరే.

బయటికొచ్చాక ఆమె అతని చేతిలో ఒక రీకాల్ స్లిప్ పెట్టింది. పుస్తకం పేరు రాయాల్సిన చోట అతని పేరుంది.

"సురబాయా వెళ్ళినా వారంలో తిరిగి రావాలండీ. రూల్."

"అక్కడ మూడు నెలల పనండీ!"

"సరే, ఆగుతాను." వసుమతి తల దించుకుని నవ్వింది. "ఇంకో సంగతి. ఆ కార్డుల్లో నేను నిజంగా మరిచిపోయింది మొదటిదొక్కటే."